పట్నంలో పిల్లల ఆదివారం

హైదరాబాదులో పుట్టి పెరుగుతున్న ఏ పిల్లవాణ్ణయినా పట్టుకుని, "మీదే ఊరు బాబూ?" అని అడిగి చూడండి. చాలామంది తడబడతారు. నాన్న పుట్టింది తణుకు దగ్గర పల్లెటూళ్ళో. అమ్మ పుట్టింది జగిత్యాలలో. వాడు పుట్టింది ఇక్కడే, ఏదో నర్సింగ్ హోమ్‌లో. కాస్సేపు ఆలోచించి, చివరికి తాతగారి ఊరి పేరు చెబుతాడు. వేసవి సెలవుల్లో పదిరోజులుండి వచ్చే ఊరది! ఏడాది పొడుగునా ఉండే ఊరు మాత్రం వాడి లెక్కలోకి రాదు.

తాతగారి ఊరు వాడిదెలా అయింది? అక్కడ చెరువుగట్టు మీద పరుగెత్తాడు. మామిడిచెట్టెక్కి మోకాలు గీరుకున్నాడు. "ఈ నుయ్యి మీ ముత్తాత తవ్వించాడురా" అని నాయనమ్మ చెబితే నోరు తెరుచుకుని విన్నాడు. కాళ్ళతో తిరిగి, చేత్తో తాకి, కథ విన్నాడు గనుక అది వాడి ఊరయింది. హైదరాబాదులోనూ గట్టులున్నాయి, చెట్లున్నాయి. కథలకయితే కొదవే లేదు. లేనిదల్లా తల్లిదండ్రులకి తీరిక.

తీరిక లేదన్న మాట నిజమే. ఆరు రోజులూ ఆఫీసు, వంట, ట్రాఫిక్కు. ఏడోరోజు బట్టలుతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, ఎవరింట్లోనో పేరంటానికి వెళ్ళాలి. సాయంకాలానికి పిల్లలు గోల పెడతారు. "పదండి, మాల్‌కి పోదాం" అంటే ఆ పూట గడిచిపోతుంది. నేను మాల్‌కి విరోధిని కాను. మే నెల మిట్టమధ్యాహ్నం అంత చల్లటి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? కాని ఆ జారుడుమెట్లూ, ఆ బొమ్మకార్లూ, ఆ పేలాల డబ్బాలూ మద్రాసులోనూ అవే, బెంగుళూరులోనూ అవే. ఇంటికొచ్చాక, "ఇవాళ ఏం చూశావురా?" అంటే పిల్లాడికి చెప్పడానికి ఏమీ ఉండదు. ఖర్చు సంగతి మీకు తెలిసిందే.

ఇంకో తరహా ఉంది. ఊరినుంచి చుట్టాలొస్తారు. వాళ్ళతోపాటు మన పిల్లల్ని కూడా కారులో కుక్కి, పొద్దున్న చార్మినారు, పదకొండింటికి మ్యూజియం, భోజనాలయ్యాక జూ, నాలుగింటికి గోలకొండ, దీపాలు పెట్టేవేళకి బిర్లామందిరం, రాత్రికి టాంక్‌బండు! హైదరాబాదంతా ఒక్కరోజులో చూపించేశామని పెద్దవాళ్ళు సంతోషిస్తారు. పిల్లలు టాంక్‌బండు దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఒళ్ళో నిద్రపోతుంటారు. అన్నీ కలగాపులగమై, మర్నాడు వాళ్ళకి గుర్తుండేది దారిలో తిన్న ఐస్‌క్రీమ్ ఒక్కటే.

నేను చెప్పబోయేది చాలా చిన్న సంగతి. ఒక ఆదివారానికి ఒక్కటే చోటు. ఆ చోట కూడా ఒకటో రెండో వస్తువులు. తక్కినవి మరోసారికి అట్టేపెట్టండి. ఇంకొకటి: ఈ ఆదివారం చూసినదానికీ వచ్చే ఆదివారం చూడబోయేదానికీ ఏదో ఒక ముడి ఉండేటట్టు చూడండి. కథకి "సశేషం" పెట్టినట్టన్నమాట. సీరియల్ చదివే అలవాటున్న మీకు ఆ రుచి నేను చెప్పాలా?

సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులు అందులో ముఖ్యం. ఆయన 1949లో పోయారు. 1951 డిసెంబరులో నెహ్రూగారు ఆయన దివాణంలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. హాలు తరవాత హాలు, పెద్దవాళ్ళకే కాళ్ళు పీకుతాయి. అంచేత మొత్తం చూపించాలన్న ఆశ గుమ్మం దగ్గరే వదిలిపెట్టి, తిన్నగా గడియారం దగ్గరికి వెళ్ళండి. పన్నెండుకి ఓ పావుగంట ముందు చేరుకుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి గడియారం అది. అందులో ఒక కమ్మరి బొమ్మ క్షణానికోసారి సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కాబోతుండగా, ఓ మూడు నిమిషాల ముందు, గడ్డం ఉన్న ఇంకో బొమ్మ లోపలినుంచి బయటికొచ్చి నిలబడుతుంది. ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. ఇంతే! ఈ "ఇంతే" కోసం పన్నెండింటికి ఆ ముందున్న బల్లలన్నీ నిండిపోతాయి. పన్నెండయితే పన్నెండు దెబ్బలు వినొచ్చు గదా, ఒంటిగంటకి ఒక్కటే. ఈ లెక్క ముందుగా పిల్లలచేతే చెప్పించండి. చిన్నవాళ్ళకి వేళ్ళు చాలవు, అక్కవి అరువు తెచ్చుకుంటారు.

గడియారం అయ్యాక ఇంకో రెండు చూడండి, చాలు. మేలిముసుగు రెబెక్కా అని పాలరాతి బొమ్మ. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్ళినప్పుడు కొన్నారు. ముసుగు లోంచి ముఖం కనిపిస్తుంది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. ముసుగెత్తి చూడాలని ఆడపిల్లలకి చేతులు దురదపెడతాయి, ముట్టుకోనివ్వకండి. రెండోది ఒక్క కొయ్యదుంగలో ముందువేపు మగవాడూ వెనకవేపు ఆడమనిషీ ఉన్న బొమ్మ. ముందున్నవాడు ఛాతీ విరుచుకుని నిలబడ్డ సైతాను మెఫిస్టోఫిలీస్, వెనకనున్నది తల వంచుకున్న అమాయకురాలు మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు గనుక ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. అద్దంలో ఉన్నదీ బయట ఉన్నదీ ఒక్కటి కాదని పిల్లలే కనిపెట్టాలి. మీరు ముందే చెప్పేస్తే సగం సరదా పోతుంది.

బయటికొస్తే ఎదురుగా మూసీ. "ఇదేం నది, వాసనొస్తోంది" అని ముక్కు మూసుకుంటారు పిల్లలు. మూసుకోనివ్వండి. ఆ వంతెన దగ్గర నిలబడే 1908 సెప్టెంబరు 28 సంగతి చెప్పండి. ఆనాడు ఈ మురికికాలవలాంటి నదే పొంగి పట్నంమీద పడింది. ఇళ్ళు కూలాయి, వంతెనలు మునిగాయి, వేలమంది కొట్టుకుపోయారు. అవతలి ఒడ్డున, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ రోజున దాని కొమ్మలు పట్టుకుని నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. చెట్టు ఇంకా ఉంది. ఆసుపత్రిలోకి పిల్లల మందని తోలుకుపోవడం బాగుండదు. కథ గట్టుమీదనుంచి చెప్పినా చాలు. ఈ కథ విన్న తరవాత ఆ నదిని పిల్లలు ఇంకోరకంగా చూడడం నేనెరుగుదును. మా పక్కవాటాలో ఏడేళ్ళ కుర్రాడొకడు, "అంతమంది ఎక్కితే కొమ్మ విరగలేదా?" అని మూడు రోజులు అందర్నీ వేధించాడు.

ఇక్కడ సశేషం పెట్టండి. అలాంటి వరద మళ్ళీ రాకుండా ఏం చేశారు? మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నది పైన ఆనకట్టలు కట్టి నీళ్ళని ఆపాలని ఆయన సలహా చెప్పారు. మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మరేమిటో కాదు, మన గండిపేటే. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలిపెట్టడని పాతకాపులంటారే, ఆ గండిపేట. కాబట్టి రెండో ఆదివారం పులిహోర డబ్బా పట్టుకుని గండిపేట గట్టుకి. వరద కథ విన్న పిల్లవాడికి ఆ గట్టు ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు. వాడే తమ్ముడికి చెబుతాడు.

జూ గురించి రెండు మాటలు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో 1963 అక్టోబరులో తెరిచారు. సోమవారం సెలవు. (సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. ఇది తెలియక అంతదూరం వెళ్ళి తాళం చూసి తిరిగొచ్చే సంసారాలు బోలెడు.) పొద్దున్న తలుపులు తీసీ తియ్యగానే వెళ్ళిపోవాలి. పదకొండు దాటితే పులికీ నిద్రే, మనకీ నిద్రే. మొత్తం జంతువుల్ని చూస్తామని పరుగులు పెట్టకుండా, "ఇవాళ అయిదు జంతువుల్ని చూద్దాం. ఏ అయిదో మీరు చెప్పండి" అనండి. అక్కడే తగువు మొదలవుతుంది. అన్నకి సింహం, చెల్లికి జిరాఫీ. తగువు పడనివ్వండి. తీర్చుకున్నాక ఒక్కొక్కదాని దగ్గర పావుగంట కూర్చుంటే, ఏనుగు తొండంతో గడ్డి ఎలా దులుపుకుంటుందో, కోతుల్లో పెద్దరికం ఎవరిదో వాళ్ళే పట్టేస్తారు. తెల్లకాగితాలూ పెన్సిళ్ళూ పట్టుకెళ్ళండి. బొమ్మలు కుదరకపోయినా ఫరవాలేదు, చూపు నిలుస్తుంది.

ఈ జూలో చాలాకాలం ఒక గాలపగోస్ తాబేలుండేది. 2024 మార్చిలో చనిపోయింది. నూట ఇరవై అయిదేళ్ళుంటాయని జూవారు చెప్పారు. అంటే మూసీ వరదనాటికే అది పుట్టి ఉందన్నమాట! అంతకన్న వింత ఏమంటే, అది మొదటినుంచీ ఈ జూలోది కాదు. 1963కి ముందు పట్నం జంతువులన్నీ నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. పాతవాళ్ళు బాగేఆం అంటారు. అక్కడినుంచి ఇక్కడికి కాపురం మారిన జీవాల్లో ఆ తాబేలొకటి. నాయనమ్మలూ అమ్మమ్మలూ చిన్నప్పుడు బాగేఆంలో చూసిన జంతువులేమిటో పిల్లలచేత అడిగించండి. పెద్దవాళ్ళ జ్ఞాపకాలు వాళ్ళు అడిగితేనే బయటికొస్తాయి, మనం అడిగితే రావు.

జూ పక్కనే బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. బూటు ఆకారంలో కారు, కెమెరా ఆకారంలో కారు, బంతి ఆకారంలో కారు... అన్నీ నడిచేవే! అక్కడివారు తయారుచేసిన మూడుచక్రాల సైకిలు నలభైయొక్క అడుగుల ఎత్తు దాటింది. 2005లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఇది మాత్రం జూ చూసిన రోజునే చూడకండి. దానికి వేరే ఆదివారం కావాలి.

తాబేలు కథ విన్నాక పబ్లిక్ గార్డెన్స్‌కి ఎలాగూ వెళ్ళాలి. మెట్రోలో వెళ్ళండి. 2017 నవంబరునుంచి నడుస్తున్న ఈ రైలు మనకి ఆఫీసు బండి. పిల్లలకి అదే ఒక తిరునాళ్ళ రంగులరాట్నం. మియాపూరునుంచి వస్తే ఇళ్ళ డాబాలన్నీ కిందనుంచి పోతాయి: ఎండేసిన వడియాలు, నీళ్ళ టాంకులు, పావురాల గూళ్ళు. మీరు ఫోను చూసుకుంటూ కూర్చోక, వాడితోపాటు కిటికీ దగ్గర నిలబడండి. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు.

ఆ తోటలో రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. అందులో ఈజిప్టునుంచి వచ్చిన మమ్మీ ఉంది. నిజమైనదే! రెండువేల ఏళ్ళ కిందట చనిపోయిన ఒక చిన్నమ్మాయి. ఆరో నిజాంగారి అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చారు. ఏడో నిజాం చేతిమీదుగా 1930లో మ్యూజియానికి చేరింది. చుట్టిన గుడ్డలు శిథిలమవుతున్నాయని 2016లో గాలిచొరని గాజుపెట్టెలోకి మార్చారు. మరీ చిన్నపిల్లల్ని ఇక్కడికి తీసుకెళ్ళకండి, రాత్రి కలవరిస్తారు. పదేళ్ళు దాటినవాళ్ళు మాత్రం ఆ గాజుపెట్టె దగ్గర చాలాసేపు మాట్లాడకుండా నిలబడతారు. అప్పుడు మీరూ మాట్లాడకండి. అదే తోటలో జవహర్ బాలభవన్ ఉంది. సంగీతం, నృత్యం, బొమ్మలు వెయ్యడం వగైరాలు పిల్లలకి నేర్పుతారు. ఇది ఒక్క ఆదివారం వ్యవహారం కాదు, ఏడాది పొడుగునా సాగవలసింది. ఇంటికి దగ్గరగా ఉన్నవాళ్ళు అదృష్టవంతులు.

ఇంకో జత చెబుతాను. బిర్లా సైన్సు మ్యూజియంలో ఒక రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. పిల్లలు సినిమాల్లో చూసే రాక్షసబల్లులన్నీ అమెరికావి. ఇది మనది! గోదావరి లోయలో, పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన ఎముకలివి. అందుకే దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. శాస్త్రజ్ఞుల నోట మన పల్లెటూరి పేరు పలుకుతోందన్నమాట. పదిహేను కోట్ల ఏళ్ళ పైమాటే. నలభై అడుగుల పైచిలుకు పొడుగు. అంత శరీరమూ ఆకులు తినే పెంచింది. కూరలు తినని పిల్లలకి ఈ ముక్క పనికిరావచ్చు! పక్కనే నక్షత్రశాల. ఎన్.టి. రామారావుగారు 1985లో ప్రారంభించారు. తెలుగులో కూడా ప్రదర్శనలుంటాయి. దీపాలారిపోయి, పట్నంలో ఎన్నడూ కనిపించనన్ని చుక్కలు నెత్తిమీద ఒక్కసారిగా వెలిగినప్పుడు పిల్లల నోట వచ్చే "ఓ...హ్!" వినడానికైనా పెద్దవాళ్ళు ఒకసారి వెళ్ళాలి.

రాక్షసబల్లిని చూసివచ్చిన మరుసటి వారం పిల్లల్ని ఒక రాతిగుట్టకి తీసుకెళ్ళండి. ఖాజాగూడ గుట్టలయితే బాగుంటాయి. "రాక్షసబల్లికన్నా పాతది చూపిస్తాను, రండి" అనండి. హైదరాబాదు రాళ్ళకి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న ఆ బండల్ని ఎవరూ పేర్చలేదు. భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లబడి గట్టిపడింది. దానికి నిలువునా అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగి, అంచుల్ని మెత్తబరిచి మట్టిచేసింది. వానలకి మట్టి కొట్టుకుపోతే లోపలి గట్టి గుండ్లు ఉన్నచోటనే మిగిలాయి. ఈ సంగతి తెలియగానే పిల్లవాడు గుండుకింద చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. గుండెక్కడం వాళ్ళకి నేర్పక్కర్లేదు. బూట్లు వేయించండి, ఎండాకాలం వద్దు, వానలో అసలే వద్దు.

ఈ గుట్టలకి మాత్రం ఆలస్యం చెయ్యకండి. మ్యూజియం ఎప్పుడైనా చూడొచ్చు, గుట్ట అలా కాదు. నేటి బంజారాహిల్స్, జూబిలీహిల్స్ ఒకప్పుడు పేరుకి తగ్గ గుట్టలే. పునాదులకోసం పేల్చి, కంకర కొట్టి, చదునుచేసి మేడలు కట్టారు. 250 కోట్ల ఏళ్ళు నిలబడ్డ బండ పోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. రాళ్ళని కాపాడాలని 1996లో ఊళ్ళో కొందరు సంఘం కూడా పెట్టుకున్నారు. మీ కాలనీ దగ్గర గుండు ఒకటి మిగిలి ఉంటే, దానికి మీ పిల్లల్ని ఒక పేరు పెట్టమనండి. పేరున్నదాన్ని పోగొట్టుకోవడం కష్టం.

జనవరి వస్తే ఎవరూ చెప్పక్కర్లేదు, నాంపల్లిలో నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. జనవరి ఒకటినుంచి ఫిబ్రవరి పదిహేను దాకా, నలభైయారు రోజులు. కాశ్మీరు శాలువాలూ, లక్నో కుట్టుబట్టలూ, ఊరగాయలూ అమ్మలకి, జెయింట్‌వీలూ, చిన్నరైలూ పిల్లలకి, మిరపకాయబజ్జీ అందరికీ. మైకులో ఒకటే పిలుపు: "ఎర్రగౌను వేసుకున్న నాలుగేళ్ళ పాప మా దగ్గరుంది..." ఆ పాప మీ పాప కాకుండా, వెళ్ళేముందే జేబులో పేరూ ఫోను నంబరూ రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఏ దుకాణం ముందు నిలబడాలో చూపించి ఉంచండి. శని ఆదివారాలకన్నా మధ్యవారంలో సాయంకాలం వెళితే కాస్త ఊపిరాడుతుంది.

వానాకాలంలో ఏం చెయ్యాలని అడుగుతారు. పుస్తకాలున్నాయిగా! సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం ఉంది. 1901లో, ఈ నగరంలో తెలుగు చదివేవాళ్ళకి దిక్కులేని రోజుల్లో పెట్టిన గ్రంథాలయం. వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి. పిల్లవాడికి పాత పుస్తకాల బీరువా ముందు నిలబడే అవకాశం రావాలి. ఎవరో వాళ్ళ ముత్తాత వయసువాడు ఈ తెలుగు అక్షరాలే, ఈ గదిలోనే చదువుకున్నాడని చెప్పండి.

చలికాలానికి గోలకొండ. నా ఓటయితే దీనికే ముందు.

కోటని చూడ్డానికి వెళ్ళకూడదు, ఆడుకోవడానికి వెళ్ళాలి. ఆట ఇది. ఇంటిల్లిపాదీ రెండు జట్లుగా విడిపోండి. నాన్నా, పెద్దపిల్లలూ పైకెక్కి బాలాహిస్సార్ చేరుకోవాలి. మూడువందల అరవై మెట్ల చిల్లర. అమ్మా, చిన్నపిల్లలూ కింద గుమ్మం దగ్గరి గుమ్మటం కిందే ఉండాలి. ఫోన్లు ఆపెయ్యాలి, లేకపోతే ఆట లేదు. కింద చప్పట్లు కొడితే, కిలోమీటరు దూరంలో కొండమీద వినిపిస్తుంది. గుర్తులు ముందుగా అనుకోండి: మూడు చప్పట్లయితే "ఆకలేస్తోంది, దిగిరండి". రెండయితే "మేం కూడా వస్తున్నాం". వినబడినట్టు పైవాళ్ళు రుమాలు ఊపాలి. శత్రువొస్తే పైనున్న రాజుకి క్షణంలో కబురందడానికి ఈ ఏర్పాటని చెబుతారు. ఫోను చేతిలో పుట్టిన పిల్లలకి, తీగెలేకుండా నాలుగువందల ఏళ్ళకిందట కబురందడం గొప్ప ఆశ్చర్యం. పదిసార్లు కొడతారు. పక్కన ఇరవైమంది ఇతరులు కూడా కొడుతుంటారు గనుక మనవి ఏవో తెలియవు. అందుకే పొద్దున్నే వెళ్ళమనడం.

ఎక్కేదారిలో మట్టిగొట్టాల ముక్కలు గోడల్లో కనిపిస్తాయి. కిందినుంచి రాట్నాలతో మెట్టుమెట్టుగా నీళ్ళు తోడి, గొట్టాలద్వారా కొండమీదికి ఎక్కించేవారు. మీ ఫ్లాటులో మోటారు చెడిపోయిన రోజున గుర్తుచెయ్యండి. ఫతే దర్వాజా తలుపులకి ఇనుపమేకులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఏనుగు తలతో గుద్దకుండా. అప్పుడు తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది: "ఇంత గట్టి కోట ఎలా ఓడిపోయింది నాన్నా?" చెప్పండి. ఔరంగజేబు సైన్యం ఎనిమిదినెలలు ముట్టడించినా లొంగలేదు. 1687లో లోపలివాడెవడో డబ్బుకి ఆశపడి ఒక రాత్రి తలుపు తీశాడు. పిల్లల ముఖాలు చూడండి అప్పుడు. చరిత్ర పుస్తకంలో చదివితే రాని కోపం అక్కడ వస్తుంది.

మెట్లదారిలోనే రామదాసు బందిఖానా. కంచర్ల గోపన్న తహశీలుదారుగా ఉండి, సర్కారు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు తానీషా ఇక్కడ ఖైదు చేయించాడని, పన్నెండేళ్ళు ఉంచాడని చెప్పుకుంటారు. లోపల చీకటి. పైనున్న కన్నంలోంచి కాస్త వెలుతురు. ఆ గోడమీద రాముడు, సీత, హనుమంతుడు చెక్కి ఉన్నారు. భజనల్లో రామదాసు పాటలు విన్న పిల్లలు ఆ గోడని తడిమి, "ఇది ఆయనే చెక్కాడా?" అంటారు. "అలాగే చెబుతారమ్మా" అని ఊరుకోండి. "డబ్బు సర్కారుది కదా, మరి ఆయన చేసింది తప్పు కాదా?" అని అడిగే పిల్ల కూడా ఒకతె ఉంటుంది. ఆ ప్రశ్నకి జవాబు మీ ఇంటి భోజనాలబల్ల దగ్గర తేలవలసిందే. నేను జోక్యం చేసుకోను.

దిగేటప్పుడు వాళ్ళకో పందెం వెయ్యండి. హుస్సేన్‌సాగర్ గట్టుమీద, అంటే టాంక్‌బండుమీద, తెలుగునాట పేరుపడ్డ ముప్ఫైముగ్గురి విగ్రహాలున్నాయి. 1986లో పెట్టినవి. 2011లో ఉద్యమం రోజుల్లో కొన్ని దెబ్బతింటే మళ్ళీ నిలబెట్టారు. నన్నయ ఉన్నాడు, మొల్ల ఉంది, వేమన ఉన్నాడు, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఉన్నాడు. మన రామదాసు ఉన్నాడు. రామదాసుని జైల్లో పెట్టిన తానీషా కూడా ఉన్నాడు! వచ్చే ఆదివారం సాయంకాలం ఎండ తగ్గాక గట్టు ఈ చివరనుంచి ఆ చివరకి నడవాలి. ఇద్దరినీ ముందుగా కనిపెట్టినవాళ్ళకి లుంబినీ పార్కునుంచి పడవలో నీళ్ళమధ్యనున్న బుద్ధుడి దగ్గరికి వెళ్ళే యోగం. తక్కినవాళ్ళని కూడా తీసుకెళతామనుకోండి, అయినా పందెం పందెమే. ఆ బుద్ధుడి కథ పడవలో చెప్పడానికి దాచుకోండి: రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కి, 1990 మార్చిలో పడవమీద తెస్తుంటే మునిగిపోయాడు. కొందరి ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు పైగా నీళ్ళ అడుగునే ఉండి, 1992 డిసెంబరులో లేచి నిలబడ్డాడు.

ఆ విగ్రహాలు ఏ వరసలో ఎక్కడున్నాయో నాకు తెలుసుగాని, చెప్పను. పిల్లలు వెతుక్కోవాలి. చిన్నవాళ్ళకి పేర్లు చదవడం రాకపోతే అక్కయ్య చదివి పెడుతుంది. నీళ్ళ సీసా మాత్రం మరిచిపోకండి, ఆ గట్టు పొడుగు.